మూడో అరలో రేవు

ఆ వీధిలో ఎవరి కళ్ళద్దాలు జారినా, గీతలు పడినా, పిల్లలు చూసుకోకుండా పైన కూర్చుని విరగ్గొట్టినా, అందరికీ ముందుగా గుర్తొచ్చే మనిషి ఒక్కడే. మందుల దుకాణం పక్కన, మెట్ల కింద ఇరుకు గదిలో ఇరవై ఆరేళ్ళుగా లెన్సులు అరగదీస్తున్న మేస్త్రి. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చూపు ఎదుటివాళ్ళ కళ్ళ కంటే ముందు కళ్ళద్దాల మీద పడుతుంది. అద్దం మసకగా కనిపిస్తే మాట సగంలో ఆపి, "ఇలా ఇవ్వండి" అని చేయి చాస్తాడు. జేబులో ఎప్పుడూ ఒక మెత్తని పసుపు గుడ్డ ఉంటుంది. దుకాణంలో అలవాటైన ఆ గుడ్డ ఇంట్లోనూ ఆయన చేతిని వదలదు. చెమ్చా కానీ, తాళంచెవి కానీ, టీవీ రిమోట్ కానీ, చేతికి ఏది వచ్చినా ముందు తుడుస్తాడు, తర్వాతే వాడతాడు. పెళ్ళయిన కొత్తలో తానిచ్చిన టీ కప్పును కూడా తుడిచాకే తాగాడని భార్య ఇప్పటికీ దెప్పిపొడుస్తూ ఉంటుంది.

ఇంత ఓపిక గల మనిషికి ఇంట్లోనే కంట్లో నలుసులా ఒక బాధ ఉండేది. అత్తగారు ఆయనతో మాట్లాడరు.

ఆరేళ్ళ క్రితం ఉద్యోగ విరమణ చేసి ఆమె కూతురి ఇంటికి వచ్చిన వారంలోనే, మేస్త్రి తన చేతులతో ఆమెకు కళ్ళద్దాలు చేసి పెట్టాడు. మంచి ఫ్రేము, తేలికైన లెన్సు. పెట్టుకోగానే తల తిరుగుతోందన్నది ఆమె. రెండు వారాల్లో అలవాటవుతుందన్నాడు ఆయన. ఆమె మూడు రోజులు చూసి, నాలుగో రోజు రోడ్డు దాటి ఎదుటి దుకాణంలో వేరే అద్దాలు చేయించుకుంది. పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చింది. అల్లుడు చూశాడు, పెదవి విప్పలేదు. ఆమె కూడా విప్పలేదు. ఇంకో పదిరోజులు ఆగితే ఆమె సొమ్మేం పోయేది? ఒకసారి మళ్ళీ కొలత చూస్తానంటే ఆయన పరువేం పోయేది? ఈ రెండు ప్రశ్నలూ ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. అడగకుండా వదిలేసిన ప్రశ్నలు సర్దుకుపోతాయని మన ఇళ్ళలో ఒక గట్టి నమ్మకం. అవి సర్దుకుపోవు, గడ్డకడతాయి. అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య మాటలన్నీ మూడో మనిషి మీదుగా నడిచేవి. "అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు, పంపు కారుతోందని." "మీ అమ్మగారికి చెప్పు, సాయంత్రం చూస్తానని." ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండగానే సాగేవి ఈ రాయబారాలు.

ఇక ఆటల పెట్టె సంగతి. అది పదహారేళ్ళ కూతురిది. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టె, టీవీ కిందే ఉంటుంది. అందులో ఇంటిల్లిపాదికీ నచ్చిన ఆట ఒకటే. సముద్రపు ఒడ్డున ఒక బోడి నేల ఇస్తారు. చెక్కలు పోగుచేసి, రాళ్ళు మోసి, పడవలు కట్టి, దాన్ని రేవుగా మార్చాలి. ఎక్కడిదాకా కట్టామో దాచుకోవడానికి ఆ ఆటలో మూడు అరలు ఉన్నాయి. ఇంట్లో మనుషులు నలుగురు.

ఇటువంటి చోటే పంపకం న్యాయంగా జరగాలి. జరగలేదు. పెట్టె తనది కాబట్టి మొదటి అర కూతురు తీసుకుంది. రెండోది భార్య పేరున ఉంది. ఆమె నిరుడు అయిదు సాయంత్రాలు ఆడి, రెండు గుడిసెలు కట్టి, మళ్ళీ దాని ముఖం చూడలేదు. ఖాళీ చేయమని అడిగినప్పుడు ఆమె చెప్పిన సమాధానం ఇది: "నేను ఆడినా ఆడకపోయినా నా అర నాదే. ఈ ఇంట్లో నాదంటూ తలుపేసుకునే గది ఉందా? అలమరాలో సగం అమ్మ బట్టలు, సగం మీ తుడుపు గుడ్డలు. అక్కడైనా నా రెండు గుడిసెలు ఉండనివ్వండి." ఈ వాదనకు ఏ న్యాయస్థానంలోనూ జవాబు దొరకదు.

మిగిలింది మూడో అర. సాయంత్రాలు తోచడం లేదంటే మనవరాలు దాన్ని అమ్మమ్మకు ఇచ్చి, ఆడటం నేర్పింది. కొన్నాళ్ళకు తండ్రికీ సరదా పుట్టింది. చోటు లేదన్నది కూతురు. "అమ్మమ్మ అరలోనే ఆడుకో నాన్నా. ఆవిడ సాయంత్రం, నువ్వు పొద్దున. ఎదురుపడే పనే లేదు."

అలా మొదలైంది. మేస్త్రి పొద్దున్న ఏడింటికి కూర్చుని ఏడూ నలభైకి లేచేవాడు. అత్తగారు సాయంత్రం అయిదింటికి కూర్చునేది. ఆయన మూడు రోజులు చెమటోడ్చి పోగుచేసిన చెక్కలన్నీ నాలుగో రోజుకు ఆమె పూలమడికి కంచెగా మారిపోయేవి. ఆమె నాటిన దుంపలు తెల్లారేసరికి ఆయన వేసిన బాట కింద పడి ఉండేవి. ఒకే అర, ఇద్దరు యజమానులు. ఒకరు దాచింది రెండోవారి చేతిలో ఏమవుతుందో తెలియదు. పొద్దున్నే టీవీ ముందు కూర్చుని మేస్త్రి పళ్ళు కొరకని రోజు లేదు.

ఆ ఆటలో పలకలు పాతుకోవచ్చు. పలకకు ఇరవై అక్షరాలు రాసుకోవచ్చు. మొదటి పలక అత్తగారు పాతింది.

"పడవ ఎవరు జరిపారు?"

మర్నాడు దాని పక్కన ఇంకొకటి వెలిసింది. "గాలికి అక్కడ ఆగదు."

"ముందు చెప్పాలి."

"ఇదే చెప్పడం."

ఎనిమిది నెలల్లో ఆ రేవు నిండా పలకలే. "చెక్కలు ముట్టద్దు." "నాలుగే తీశాను." "ఏడు." "సరే ఏడు." తర్వాత్తర్వాత వాటి ధోరణి మారింది. "వంతెన బాగుంది." "పూలు కూడా." ఒకసారి మేస్త్రికి జ్వరం వచ్చి రెండు రోజులు ఆడలేదు; మూడో రోజు చూస్తే రేవు మొదట్లోనే ఒక పలక: "తగ్గిందా?" ఇంట్లో అదే మనిషి ఆయన మంచం పక్క నుంచి నడిచి వెళ్ళి, "అమ్మాయ్, మందు వేసుకున్నాడేమో కనుక్కో" అన్నది. ఆయన పలకకు జవాబు రాశాడు కానీ, ఆ మాటకు మాత్రం పలకలేదు.

ఇంత సజావుగా సాగుతున్న రేవులో దీపస్తంభం దగ్గర పేచీ వచ్చింది. మేస్త్రికి దీపస్తంభం కట్టాలని ఉంది. కొండకొమ్ము మీద కడితేనే అందం. కొమ్ము మీద అత్తగారి నీలం పూలమడి ఉంది. సోమవారం సాయంత్రం ఆమె పలక పాతింది: "స్తంభం వద్దు. పూలే." మంగళవారం ఆయన ఇంకో పలక రాసి బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. బుధవారం పొద్దున్న, ఏ ఆవేశంలో ఉన్నాడో, మడి పెరికేసి దీపస్తంభం నిలబెట్టేశాడు. పలక కూడా రాయలేదు.

గురువారం ఏడింటికి ఆయన, ఆమె ఏం రాసి ఉంటుందో చూద్దామని పెట్టె స్విచ్ వేశాడు. ఆట నడిపే మీటల కంట్రోలర్ చేతికి తీసుకుంటే బొటనవేలికి జిగురు తగిలింది. రాత్రి రొట్టె తింటూ దాన్ని పక్కకు జరిపిన కూతురు జామ్ అంటించి వదిలేసింది. గుడ్డ తీశాడు. దాన్ని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని, లెన్సు అంచు రుద్దినట్టు, ఓపిగ్గా, ఒత్తి ఒత్తి తుడిచాడు. జిగురంతా పోయాక తల ఎత్తాడు.

తెర మీద బోడి నేల ఉంది. ఒక విరిగిన పడవ. ఒక ముసలి జాలరి చేయి ఊపుతూ, కొత్తగా వచ్చినవాళ్ళకు స్వాగతం చెబుతున్నాడు.

వంతెన లేదు, బాట లేదు, దీపస్తంభం లేదు. పలక ఒక్కటీ లేదు.

పెట్టె ఆపి మళ్ళీ వేశాడు. మూడో అర తెరిచాడు. అదే జాలరి, అదే స్వాగతం.

ఏడున్నరకు అత్తగారు పార్కులో నడక ముగించుకుని వచ్చి, బూట్లు విప్పుతుండగా, ఆరేళ్ళలో మొదటిసారి అల్లుడు ఆమెకు ఎదురుగా నిలబడి మాట్లాడాడు.

"అత్తయ్య గారూ, మీ పూలు పెరికేశాను. తప్పే. తిట్టాల్సింది. ఎనిమిది నెలల పని ఒక్క నొక్కుతో తుడిచేయడానికి మీకు చేతులెలా వచ్చాయి?"

వంటగదిలోంచి భార్య గిన్నె దించి తొంగిచూసింది. అత్తగారు బూటు చేత్తో పట్టుకుని ఆయన వైపు చూసింది. తర్వాత తల తిప్పి, వంటగది వైపు, మామూలు గొంతుతోనే అన్నది.

"అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు. చెరపడం నాకు చేతకాదని."

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

దుకాణంలో ఆ రోజు మేస్త్రి చేతికి పని లొంగలేదు. ఫ్రేములు బిగించే పెద్దాయన ఒకరున్నారు, స్క్రూల మామ అంటారు; గోరంత స్క్రూ కింద పడితే నేల మీద చెవి ఆన్చి వెతికే రకం. ఆయన మధ్యాహ్నం ఒక జత లెన్సులు వెలుతురుకు పట్టి చూసి అన్నాడు.

"ఏంటి మేస్త్రీ, రెండూ కుడికన్నుకే చేశావు? అద్దాలు చేయించుకునే ఆవిడకి ఎడమకన్ను అక్కర్లేదా?"

"ఇటివ్వండి. మళ్ళీ చేస్తాను."

"ఇంట్లో గొడవా?"

"ఊఁ."

"ఆస్తా?"

"రేవు."

మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నీకు రేవెక్కడిదయ్యా?"

మేస్త్రి చెప్పాడు. మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "టీవీలో బొమ్మలు పోయినందుకా ఇంత ముఖం? మళ్ళీ కట్టుకో. సముద్రం అక్కడే ఉందిగా."

"వంతెన కట్టుకోవచ్చు మామా. పలకలే, మళ్ళీ రావు."

"ఏం పలకలు?"

మేస్త్రి గుడ్డతో ఇంకో లెన్సు తుడుస్తూ చెప్పాడు. "ఆవిడ నాతో మాట్లాడేది అక్కడొక్కచోటే. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటాం, గోడతో కూర్చున్నట్టు. పొద్దున్న లేచి ఏం రాసిందో చూడాలని ఉండేది. ఇవాళ నోరు తెరిచి ఆవిడతో నేరుగా మాట్లాడిన మొదటి మాట ఏంటో తెలుసా? నేరం మోపాను."

మామ లెన్సులు రెండూ బల్ల మీద పెట్టి, "ఎడమది చేసేసి తొందరగా ఇంటికి పో" అన్నాడు.

సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి కూతురు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. భార్య సోఫా చేతి మీద. అమ్మమ్మ గది తలుపు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

"నాన్నా, కూర్చో" అన్నది కూతురు. ఆ గొంతులో విచారణాధికారి దర్పం కొంచెం ఉంది. "మూడో అర కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదువు."

ఆయన ముందుకు వంగాడు. మొదలుపెట్టిన సమయం: గురువారం, ఉదయం ఏడూ పన్నెండు.

"ఏడూ పన్నెండుకి అమ్మమ్మ ఎక్కడుంది?"

"పార్కులో."

"అమ్మ?"

"ఇస్త్రీ చేస్తున్నాను" అన్నది భార్య. "ఆయన చొక్కాయే."

"నేను నిద్రలో ఉన్నా. నువ్వో?"

"ఇక్కడే ఉన్నాను. కానీ నేనేం నొక్కలేదు. ఒట్టు. కంట్రోలర్ జిడ్డుగా ఉంటే తుడుచుకుంటున్నాను, అంతే."

భార్య చేయి మెల్లగా నోటి మీదికి వెళ్ళింది.

కూతురు పెట్టెను ఒకసారి ఆపి, మళ్ళీ స్విచ్ వేసింది. కంట్రోలర్ తండ్రి చేతిలో పెట్టింది. "గుడ్డ తియ్యి. పొద్దున్న ఎలా తుడిచావో అలాగే తుడువు. కిందకే చూడు, పైకి చూడకు."

ఆయన తుడిచాడు. పని చేతులకు తెలుసు. ఒత్తి, గుండ్రంగా, అంచుల వెంట. కూతురు తెర మీద కనిపించింది కనిపించినట్టు పైకి చదివింది. "కొత్త ఆట. ఒకటో నొక్కు. ఏ అర? చివర ఆడిన మూడోదే చూపిస్తోంది. రెండో నొక్కు. పాతది చెరిగిపోతుంది, సరేనా? మూడు. నిజంగానా? నాలుగు."

మేస్త్రి తల ఎత్తాడు. ముసలి జాలరి చేయి ఊపుతున్నాడు.

ఎన్ని వ్యాజ్యాల్లో, ఎంతమంది, తమ చేతులు చేసిన పనిని తమ కళ్ళతో చూసే అవకాశం లేకుండానే జీవితాలు గడిపేస్తారో! మేస్త్రికి ఆ అవకాశం రెండు నిమిషాల్లో దొరికింది. ఆయన దాన్ని తప్పించుకోలేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, లేచి వెళ్ళి, అత్తగారి తలుపు తట్టాడు.

"అత్తయ్య గారూ, నేనే. చెరిపింది నేనే. తుడుస్తూ నొక్కేశాను."

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

"పొద్దున్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు ఆయన. "తీసుకుంటే పోదని తెలుసు. మీ పలకలన్నీ పోగొట్టాను. దానికి ఏం చెప్పాలో తెలియడం లేదు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కూతురు, మనవరాలు ఇద్దరూ ఆయన వెనుకే నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు" అనడానికి కావలసిన మనిషి కళ్ళెదుటే ఉంది.

"లోపలికి రండి అల్లుడు గారూ" అన్నది ఆమె.

ఇక్కడ అత్తగారి ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒక పెద్ద కార్యాలయంలో ఆమె ఇరవై తొమ్మిదేళ్ళు రికార్డుల గదికి అధికారిగా పనిచేసింది. ఏ కాగితమైనా ఆ గది గడప దాటాలంటే దాని నకలు ముందు అలమరాలోకి వెళ్ళవలసిందే. తెచ్చిస్తామన్నవాళ్ళు తేరనీ, తాళం వేసి దాచిన కాగితాన్ని కూడా ఎలుక కొడుతుందనీ ఆమెకు అనుభవం. ఆమె ఏలుబడిలో ఒక్క కాగితం పోలేదు.

మంచం కింద నుంచి ఆమె ఒక బిస్కెట్ల డబ్బా లాగింది. లోపల ఒక కవరు, కవరులో ఒక పెన్ డ్రైవ్. కవరు మీద ముత్యాల్లాంటి దస్తూరీతో, ఒకదాని కింద ఒకటి తేదీలు. చివరి వరుస: రేవు, ఆదివారం, ముప్ఫై నాలుగో నకలు.

"మొదటి వారమే ఎలా దాచాలో దీనిచేత నేర్పించుకున్నాను" అన్నది మనవరాలిని చూపించి. "ప్రతి ఆదివారం."

మనవరాలు నెత్తిన చేయి వేసుకుంది. "అమ్మమ్మా! ఒక్కసారి అడిగావు. అదేదో మర్చిపోయి ఉంటావనుకున్నా."

"పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా" అన్నది భార్య. "ఆయన రోజంతా ఎలా ఉన్నాడో!"

"నన్ను దొంగన్నాక నకలు చూపిస్తే ఏం లాభం? భయపడి తిరిగిచ్చినట్టుంటుంది." ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి, తోసుకుంది. "ముందు నిజం తేలాలి. తేలింది."

మేస్త్రి మంచం పట్టె మీద కూలబడ్డాడు. నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. దేన్ని ముందు ఆపాలో తెలియక గుడ్డ తీసి ముఖమంతా తుడుచుకున్నాడు. భార్య "అదుగో, మళ్ళీ ఆ గుడ్డే" అనేసరికి అందరూ నవ్వారు.

పెన్ డ్రైవ్ పెట్టెకు తగిలించారు. ఒక గీత నిదానంగా నిండింది. నలుగురూ దగ్గరికి జరిగి చూశారు. జాలరి మాయమయ్యాడు. వంతెన వచ్చింది, బాట వచ్చింది, పడవలు వచ్చాయి. మేస్త్రి వాటిని చూడలేదు. పలక దగ్గర నుంచి పలక దగ్గరికి నడిపించుకుంటూ వెళ్ళాడు. "ఇదే చెప్పడం" ఉంది. "సరే ఏడు" ఉంది. "తగ్గిందా?" దగ్గర కాసేపు ఆగాడు.

కొండకొమ్ము మీద దీపస్తంభం లేదు. అది బుధవారం నాటిది కదా. దాని చోట నీలం పూలు యథాతథంగా ఊగుతున్నాయి.

"నాన్నా, నీ స్తంభం పోయింది" అన్నది కూతురు.

"పోనీ. నేను చేసిన తప్పు కూడా దాంతోనే పోయింది."

"పోలేదు" అన్నది అత్తగారు. "నాకు గుర్తుంది." "పూలకు ఎడమ పక్కన ఆరు గళ్ళు ఇస్తాను. అక్కడ కట్టండి. కంచె దాటకూడదు" అన్నది.

"దాటను."

"ఏమమ్మా, నీ గుడిసెలకు కూడా ఒక నకలు తీసి ఉంచనా?" అని ఆమె కూతురిని అడిగింది. భార్య తన రెండు గుడిసెల గురించి ఎవరైనా పట్టించుకోవడం అదే మొదటిసారి కనుక, ఆలోచించి, తీయమన్నది.

అత్తగారి కళ్ళద్దాలు మళ్ళీ జారాయి. మేస్త్రి చేయి దానంతట అదే ముందుకు వెళ్ళి, సగంలో ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ అద్దాలను చూడకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు. ఆమె ఆ చేతిని చూసింది. అద్దాలు తీసి అందులో పెట్టింది.

జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఉండనే ఉంది. ఆయన రెండు వైపులా బిగించి, ముక్కు దగ్గరి వంపు సరిచేసి, లెన్సులు వెలుతురుకు పట్టి చూశాడు. ఎదుటి దుకాణం పనితనం. చాలాసేపు చూశాడు.

"బాగానే చేశాడు" అన్నాడు చివరికి. "కొలత మాత్రం పాతబడింది. ఆదివారం ఒకసారి దుకాణానికి వస్తే మళ్ళీ చూస్తాను."

"తల తిరిగితే?"

"తిరిగితే వెంటనే చెప్పండి. పదిసార్లైనా మారుస్తాను."

"ఆదివారం నకలు తీశాక వస్తాను" అన్నది ఆమె.

మర్నాడు ఏడింటికి మేస్త్రి టీవీ ముందు కూర్చున్నాడు. కంట్రోలర్ తీసుకుని, శుభ్రంగా, తనివి తీరా తుడిచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్న తర్వాతే పెట్టె స్విచ్ వేశాడు. రేవు తెరుచుకుంది. రాత్రి ఆయన పడుకున్నాక అత్తగారు వచ్చి కాసేపు ఆడి వెళ్ళినట్టుంది. పూలమడికి ఎడమ పక్కన, ఆరు గళ్ళు కొలిచి, నాలుగు మూలలా మేకులు పాతి ఉన్నాయి. కొత్త పలక ఏదీ లేదు.

నడకకు బయలుదేరుతున్న అత్తగారు తలుపు దగ్గర బూట్ల తాడు కట్టుకుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"తుడిచారా?"

"తుడిచానండీ."

"స్విచ్ వేయకముందేనా?"

"ముందే."

"సరే" అని ఆమె మెట్లు దిగింది.